కొత్తగా కట్టించుకోవాలా, కట్టిన ఇల్లు కొనాలా: తేల్చుకునేదెలా?

కొత్తచిగురు
ఎవర్నడిగినా రెండే మాటలు. మన ఇష్టప్రకారం కట్టుకుంటే ఆ తృప్తే వేరని సగం మంది, కట్టడం మొదలెడితే అప్పులపాలే, కొనేయమని మిగతా సగం. తృప్తి సంగతి తర్వాత చూద్దాం. చేతిలో ఉన్నదీ లోనూ కలిపితే స్థలం కొని ఒక అంతస్తు కట్టచ్చు. అదే డబ్బుకి పదిహేనేళ్ల ఇల్లు కూడా వస్తుంది. ఈ రెంటినీ ఒకే కొలతతో పోల్చేదెలా? జనం లెక్కలో వదిలేసే ఖర్చులేంటి? పాత ఇంట్లో ఏం చూడాలి, కొత్తది కట్టేటప్పుడు దేనికి కాపలా కాయాలి? పని తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం
ముందు రెండు లెక్కల్నీ ఒకే తేదీకి తీసుకురండి. ఇంట్లో చేరే రోజుకి మొత్తం ఎంతయింది అన్నదే చూడాలి.

కొనే ఇంటికి: ఇంటి వెల, రిజిస్ట్రేషన్ ఖర్చు, మధ్యవర్తి కమిషన్, చేరేముందు తప్పనిసరిగా చేయించాల్సిన మరమ్మతులు, మొదటి రోజు నుంచీ పూర్తి లోను మీద వడ్డీ.

కట్టే ఇంటికి: స్థలం వెల, దాని రిజిస్ట్రేషన్, మట్టి పరీక్ష, డిజైన్ ఫీజు, అనుమతుల రుసుము, నిర్మాణం, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు, కట్టినన్నాళ్లూ మీరు కట్టే అద్దె, స్థలం లోను మీద వడ్డీ, నిర్మాణం లోను మీద వడ్డీ. ఈ చివరిది విడతలవారీగా విడుదలవుతుంది కాబట్టి ఏడాది పనిలో సగటున సగం మొత్తం మీదే వడ్డీ పడుతుందనుకోండి. ఆ పైన అనుకోని ఖర్చుకి నిర్మాణం ఖర్చులో 10 నుంచి 15 శాతం విడిగా తీసి పెట్టాలి.

జనం వదిలేసేవి ఏవంటే అద్దె, కనెక్షన్లు, ప్రహరీ, సంపు, గేటు, వంటింటి అల్మరాలు. కాంట్రాక్టరు చెప్పే చదరపు అడుగు రేటులో ఇవి చాలాసార్లు ఉండవు.

పాతపెంకు
లెక్క బాగుంది. నా మొగ్గు మాత్రం పాత ఇంటివైపే. పదిహేను వానాకాలాలు చూసిన ఇంటికి దాచుకోవడానికి ఏమీ మిగలదు. స్లాబు కారాల్సి ఉంటే ఈపాటికి కారింది, పునాది కుంగాల్సి ఉంటే కుంగింది. కొత్త ఇంటి జాతకం మూడో వానాకాలానికి గానీ తెలీదు.

ప్లింత్_బీమ్
పాతపెంకు గారూ, సగం ఒప్పుకుంటా. బిగువైన నేల మీద కుంగుడు చాలావరకు మొదటి ఏళ్లలోనే అయిపోతుంది, నిజమే. నల్లరేగడి అలా కాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, ఏటా అదే వరస. ముప్ఫై ఏళ్ల ఇల్లయినా కదులుతూనే ఉంటుంది. పైగా దాచుకోవడానికేమీ మిగలదు అన్నారు, అమ్మకానికి పెట్టేముందు పుట్టీ పెట్టి రెండు పూతల రంగు కొట్టిస్తే ఎంత దాగుతుందో పనిలో ఉన్న ఎవరినైనా అడగండి.

పాతపెంకు
మొత్తం ఇంటికి వేసిన రంగు సంగతి సరే. ఒకే గదికో ఒక్క గోడకో కొత్త రంగు కనిపిస్తే అక్కడే నిలబడి చూడాలి. రంగు కూడా సాక్ష్యమే.

కొత్తచిగురు
పగుళ్లు లేని ఇల్లు నాకింతవరకు కనపడలేదు. ఏది భయపడాల్సింది, ఏది కాదు?

ప్లింత్_బీమ్
పగులు ఎక్కడుంది, ఎటు పోతోంది, ఎక్కడ వెడల్పుగా ఉంది. ఈ మూడూ చూడండి.

గోడకీ కాలమ్‌కీ మధ్య నిలువుగా, గోడకీ బీముకీ మధ్య అడ్డంగా సన్నటి గీత ఉంటే ఇటుకా కాంక్రీటూ ఎండకి వేర్వేరుగా సాగడం వల్ల వచ్చింది. ప్లాస్టరింగ్‌కి ముందు ఆ అతుకు మీద తీగల వల (మెష్) కొట్టకపోతే ఖాయంగా వస్తుంది. చూడ్డానికి బాగోదు గానీ ప్రమాదం లేదు.

ప్లాస్టర్ మీద సాలెగూడులా అన్ని వైపులా పాకిన గీతలు పూత తడారకుండా సరిగా నీళ్లు కట్టకపోవడం వల్లో, సిమెంటు ఎక్కువై పూత కుంచించుకుపోవడం వల్లో వచ్చేవి. గోరుతో తట్టండి, బోలుగా మోగకపోతే వదిలేయచ్చు.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిందా, ఇటుకల వరసల వెంట మెట్లుమెట్లుగా దిగిందా, అప్పుడు పునాది వైపు చూడాలి. గోడకి రెండో వైపు కూడా అదే చోట కనిపిస్తే అది పూత పగులు కాదు, గోడే చీలింది. పైన వెడల్పు, కింద సన్నమైతే గోడ ఒక చివర దిగుతోందన్న అనుమానం బలపడుతుంది. ఆ గదిలో తలుపు రెక్క కింద రాసుకుంటోందా, కిటికీ గడియ సరిగ్గా పడుతోందా చూడండి.

అన్నిటికన్నా చెడ్డది స్లాబు అడుగునో బీము అడుగునో కడ్డీ పోయిన దారినే తిన్నగా వచ్చే పగులు. లోపల ఇనుము తుప్పు పట్టింది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పెచ్చు ఊడిన చోట సిమెంటు మెత్తి రంగేసి ఉంటే లోపల తుప్పు ఆగదు.

నీటిమట్టం
పగులు ఇంకా కదులుతోందో ఆగిందో తెలియాలంటే దాని మీద అడ్డంగా చిన్న గాజు పలక పెట్టి రెండు చివరలా అతికించి తేదీ రాస్తారు. గోడ కదిలితే గాజు విరుగుతుంది. నల్లరేగడి నేలైతే ఒక తడి కాలం, ఒక పొడి కాలం రెండూ దాటితేనే ఆ సాక్ష్యానికి విలువ.

కొత్తచిగురు
అమ్మేవాడు ఏడాది ఆగుతాడా అండీ!

నీటిమట్టం
ఆగడు. అందుకే పాత పగులు అంచులు చూడమంటాం. లోపల దుమ్మూ పాత రంగూ పేరుకుని అంచులు మొద్దుబారితే పగులు పాతది. అంచు పదునుగా, లోపల తెల్లగా శుభ్రంగా ఉంటే కొత్తది. పుట్టీ పెట్టిన చోటే మళ్లీ గీత లేచిందంటే ఇంకా కదులుతోంది.

ఇక నీళ్ల సంగతి. వీలుంటే పెద్ద వాన పడ్డ మర్నాడు ఇల్లు చూడ్డానికి వెళ్లండి. గోడ అడుగు నుంచి నడుము ఎత్తు లోపు వరకు చెమ్మ, తెల్లటి ఉప్పు పొడి, ఉబ్బిన రంగు కనిపిస్తే నేల నుంచి పైకి పాకే చెమ్మ. కట్టేటప్పుడు గోడకి అడుగున చెమ్మని ఆపే పొర వేయలేదు, లేదా బయట నేల మట్టాన్ని తర్వాత ఆ పొర కన్నా పైకి లేపేశారు. రెండోదైతే మట్టి తీయించి సరిచేయచ్చు. మొదటిదానికి గోడకి రంధ్రాలు పెట్టి రసాయనం ఎక్కించాలి, ఖర్చూ ఎక్కువే, ఫలితమూ ప్రతిసారీ ఒకేలా ఉండదు.

చెమ్మ గోడ మధ్యలో ఉంటే పైపు, పైన మూలలో ఉంటే పైకప్పు, బాత్‌రూమ్‌కి పక్క గదిలో ఉంటే బాత్‌రూమ్ గచ్చు కింద పల్లంగా వేసిన సన్‌కెన్ స్లాబు. ఆ సన్‌కెన్‌లో నీళ్లు నిలిచి ఉంటే టైల్సు, నింపు అంతా తవ్వి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాల్సిందే. పైన టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు పూసినంత మాత్రాన తీరదు. ఆ బాత్‌రూమ్ వాడకం లేని రోజులు కూడా లెక్కేయండి.

ఇంకోటి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు ముల్లు చూడండి. అరగంటలో కదిలిందంటే భూమిలో ఎక్కడో కారుతోంది. పైట్యాంకులోకి నీళ్లు ఎక్కకుండా వాల్వు కట్టాకే చూడాలి, లేకపోతే ట్యాంకు నిండుతున్నా ముల్లు తిరుగుతుంది. డ్రైనేజీ ఛాంబర్ల మూతలన్నీ తీయించి, అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి నీళ్లు ఎంత వేగంగా పోతున్నాయో కూడా చూసుకోండి.

వైరింగ్_మనిషి
కరెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. పాత ఇంట్లో ఒక్కో చోట స్విచ్చులు కొత్తవి, గోడలో వైరు మాత్రం పాతది. స్విచ్‌బోర్డు విప్పించి వైరు చూడండి. తొడుగు పెళుసుబారి వంచగానే చిట్లుతుంటే మొత్తం మార్చాలి. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీ, గీజర్లకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సాధారణంగా వాడతాం. పాత ఇళ్లలో గీజరు కూడా మామూలు ప్లగ్గు వైరు మీదే నడుస్తుంటుంది, వేడెక్కిన ప్లగ్గు చుట్టూ గోధుమ రంగు మరక పట్టుంటుంది.

ఎర్తింగ్ తప్పక పరీక్షించాలి. మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, చాలాచోట్ల పై రంధ్రం వెనక వైరే ఉండదు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు ఉందా, దాని టెస్టు బటన్ నొక్కితే పడుతుందా చూడండి. బటన్ పనిచేస్తే బ్రేకరు మంచిదని తెలుస్తుందంతే. ఎర్తింగ్ మంచిదో కాదో మీటరుతో వేరుగా కొలవాలి.

వైరింగ్ మొత్తం మార్చడమంటే గోడలు కోయడం, మళ్లీ పూత, మళ్లీ రంగు. పాత పైపుల్లో వైరు లాగగలిగితే సగం బాధ తప్పుతుంది. అది కొనకముందే ఒక పాయింటు దగ్గర లాగి చూడచ్చు.

లెక్కలపుస్తకం
చూశారా, ఇవన్నీ వెల తగ్గించమని అడగడానికి పనికొచ్చే అంశాలు. ఊరికే "ఇల్లు పాతదండీ" అంటే అమ్మేవాడు పట్టించుకోడు. సన్‌కెన్ తవ్వకానికి ఇంత, వైరింగ్‌కి ఇంత అని రాతపూర్వక అంచనా ముందు పెడితే మాట వినక తప్పదు.

రాతిపునాది
కొనడం గురించే తిరుగుతున్నాం. కట్టే వైపు మొదటి పని మట్టి పరీక్ష, అదీ స్థలం కొనకముందే. అమ్మేవాడి అనుమతి తీసుకుని బోరు వేయించండి, కనీసం రెండు గుంటలైనా చూడండి. నింపుడు నేలైతే గట్టి పొర ఎంత లోతులో ఉందో తెలియాలి. చెరువు పూడ్చిన చోటో, చెత్త పోసిన చోటో అయితే పునాది ఖర్చు మీ అంచనానంతా తారుమారు చేస్తుంది. నల్లరేగడి లోతుగా ఉంటే అడుగున ఉబ్బు ఉన్న పైల్స్ (భూమిలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు), పైన బీములు అంటారు డిజైనర్లు. మామూలు ఫుటింగ్‌ల (కాలమ్ కింద వేసే వెడల్పు దిమ్మెల) లెక్కతో బడ్జెట్ వేసుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. చవగ్గా దొరికిన స్థలం పునాదిలో తన బాకీ వసూలు చేసుకుంటుంది.

ప్లింత్ (నేల మట్టం నుంచి గచ్చు దాకా లేపే భాగం) లోపల నింపే మట్టిని కూడా చూసుకోవాలి. 150 నుంచి 200 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. లారీ లారీ ఒకేసారి దింపి నీళ్లు వదిలేస్తే రెండేళ్లకి గచ్చు కుంగి, టైల్సు బోలుగా మోగుతాయి. చెదల మందు కూడా గచ్చు వేసేముందే కొట్టించాలి.

తడిఇసుక
కట్టేవాళ్లు కాపలా కాయాల్సిన చోట్లు చాలా లేవు, కొన్నే. అక్కడ మాత్రం మనిషి ఉండాలి.

ఇనుము వచ్చిన రోజు ఒక మీటరు ముక్క కోయించి తూయండి. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎమ్ఎమ్ 0.395, 12 ఎమ్ఎమ్ 0.89, 16 ఎమ్ఎమ్ 1.58. కొద్దిపాటి తేడా ఉంటుంది, బాగా తగ్గితే బండి వెనక్కి పంపండి.

ఇసుక గాజు జాడీలో పోసి నీళ్లు పోసి కలిపి కొన్ని గంటలు వదిలేయండి. పైన పేరుకునే ఒండ్రు పొర మొత్తం ఇసుక ఎత్తులో 8 శాతం దాటకూడదు. తడి ఇసుక ఇంకో మోసం చేస్తుంది. 5 శాతం దాకా తేమ ఉంటే 20, 30 శాతం ఉబ్బి కనిపిస్తుంది. గంపలతో కొలిస్తే అసలు ఇసుక తక్కువ పడుతుంది, దాని తేమ మాత్రం కాంక్రీటులోకి అదనపు నీళ్లుగా చేరుతుంది.

నీళ్లు. 50 కిలోల సిమెంటు బస్తాకి, నీళ్లు సిమెంటులో సగం అనే 0.5 నిష్పత్తిలో 25 లీటర్లే, అందులో ఇసుకలో ఉన్న తడి కూడా కలుపుకోవాలి. మిక్సరు దగ్గర మనిషి పైపు పట్టుకుని కంటి అంచనాగా పోస్తుంటాడు, జారుడుగా ఉంటే పని తేలిక కాబట్టి. ఆ పైపు లాగేసి కొలత బకెట్ పెట్టండి.

కవరు, అంటే కడ్డీని కప్పి ఉంచే కాంక్రీటు మందం. స్లాబుకి 20, బీముకి 25, కాలమ్‌కి 40, ఫుటింగ్‌కి 50 మిల్లీమీటర్లు సాధారణంగా రాస్తారు. మీ డ్రాయింగ్‌లో ఉన్నదే ప్రమాణం. రాయి ముక్కలూ చెక్క ముక్కలూ వద్దు, అచ్చు పోసిన కవర్ బ్లాకులే కావాలి. స్లాబు వేసే రోజు జనం పై కడ్డీల మీద నడిచి అణగదొక్కుతారు, బాల్కనీ దగ్గర అదే ప్రాణాంతకం. బాల్కనీకి బలం పై కడ్డీల్లోనే ఉంటుంది. నడవడానికి పలకలు వేయించండి.

కాలమ్, బీము కడ్డీల చుట్టూ కట్టే రింగుల కొనలు 135 డిగ్రీలు లోపలికి వంగాలి. 90 దగ్గర వదిలేస్తే భూమి కంపించినప్పుడు విచ్చుకుంటాయి.

ప్లింత్_బీమ్
తడిఇసుక గారి పోస్టు అచ్చు వేయించి సైటులో అంటించాలి. రెండు కలుపుతా. అదే కాంక్రీటుతో ఘనపు దిమ్మెలు పోయించి 7 రోజులకీ 28 రోజులకీ పరీక్షకి పంపండి. 7 రోజులకి సుమారు మూడింట రెండు వంతుల బలం రావాలి. ఎమ్ 20 రకం కాంక్రీటు అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్లు. రెండోది నీళ్లు కట్టడం. కనీసం 7 రోజులు, ఎండ తీవ్రంగా ఉన్నా, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటైనా 10 రోజులు. పొద్దున ఒకసారి చల్లిపోతే సరిపోదు, స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. కాలమ్‌లకి తడి గోనె చుట్టాలి.

పాతపెంకు
ఇదంతా చదివితే నా వాదనే గట్టిపడుతోంది. ఇన్ని చోట్ల కాపలా ఎవరు కాస్తారు? ఉద్యోగం చేసేవాడు స్లాబు రోజు సెలవు పెట్టగలడు, పది రోజులు నీళ్లు కట్టగలడా?

తడిఇసుక
కాయలేనివాళ్లు కట్టించకూడదనే నేనూ చెప్తున్నా. లేదా కాంట్రాక్టరుతో సంబంధం లేని సైట్ ఇంజినీరుని జీతానికి పెట్టుకోవాలి, ఆ జీతం లెక్కలపుస్తకం గారి పట్టీలో చేర్చాలి. కాంట్రాక్టరు మనిషే కాంట్రాక్టరు పని తనిఖీ చేస్తే అది తనిఖీ కాదు.

గడపదాటి
కాగితాల గురించి ఒక్క మాట. కొనే ఇల్లు అనుమతి ప్లాన్ ప్రకారమే ఉందా అన్నది టేపు పెట్టి కొలిచి చూడాలి. పై అంతస్తు, వెనక గది, ముందు కారు షెడ్డు తర్వాత కలిపినవైతే అనుమతి లేని భాగానికి బ్యాంకు విలువ కట్టకపోవచ్చు. దస్తావేజుల వరస, తాకట్టు, కోర్టు తగాదాలు లాయరు చేత చూపించాకే బయానా.

పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు అని అమ్మేవాడు అంటే స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగండి. కాలమ్ పైన కడ్డీలు వదిలి ఉన్నంత మాత్రాన పునాది రెండంతస్తులకి వేసినట్టు కాదు. ఏళ్ల తరబడి గాలికి వదిలేసిన ఆ కడ్డీలు తుప్పుపట్టి సన్నబడి ఉంటే అతుకు కూడా నమ్మలేం.

కొత్తచిగురు
పాత కాంక్రీటు లోపల ఎలా ఉందో పగలగొట్టకుండా తెలుస్తుందా?

ప్లింత్_బీమ్
చాలావరకు. స్ప్రింగు సుత్తి లాంటి రీబౌండ్ హ్యామర్‌తో కొడితే పైపొర గట్టితనం తెలుస్తుంది. పాత కాంక్రీటులో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల పైపొర గట్టిపడి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి ఆ అంకె ఒక్కటే నమ్మకండి. శబ్ద తరంగాల పరీక్ష లోపలి బోలు, పగులు పట్టుకుంటుంది.

చవకైనది, నాకు బాగా నచ్చేది ఫినాల్ఫ్తలీన్ అనే ద్రావణంతో చేసే పరీక్ష. ఒక మూల చిన్న పెచ్చు కొట్టి, దుమ్ము ఊది, అప్పుడే విరిగిన ముఖం మీద చల్లాలి. గులాబీ రంగు వచ్చినంత మేర కాంక్రీటులో క్షారం ఉంది, ఇనుముకి రక్షణ ఉన్నట్టే. రంగు రాని పొర కడ్డీ దాకా చేరితే ఆ రక్షణ పోయింది, తడి తగిలితే తుప్పు మొదలవుతుంది. ఆ పొర లోతు కాలం వర్గమూలం లెక్కన పెరుగుతుంది. పదిహేనేళ్లకి 10 మిల్లీమీటర్లు పోయిందంటే 20 పోవడానికి సుమారు అరవై ఏళ్లు. పదిహేనేళ్లకే 20 దాటిందా, స్లాబు కవరు అయిపోయింది.

లెక్కలపుస్తకం
ఈ లెక్క నాకు నచ్చింది. ఇంటి వెలని స్థలం విలువ, కట్టడం విలువ అని రెండుగా విడదీయండి. స్థలం తరగదు, కట్టడం ఏటా తరుగుతుంది. ప్లింత్_బీమ్ గారి పరీక్షల్లో కట్టడం నెగ్గితే దానికి డబ్బివ్వండి. ఓడితే స్థలం వెల మాత్రమే ఇస్తానని చెప్పండి, అందులోనూ కూల్చే ఖర్చు తీసేసి.

రాతిపునాది
కూల్చి కట్టే దారి కూడా చెడ్డది కాదు. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ అప్పటికే వచ్చి ఉంటాయి, నేల తీరు పాత గోడలే చెప్తాయి. పక్కింటి పునాది అంటుకుని ఉంటే మాత్రం మీ గుంట దాని కన్నా లోతుగా ఒకేసారి తవ్వకండి. చిన్న చిన్న భాగాలుగా తవ్వి, ఒకటి పూర్తయ్యాక ఇంకోటి. తవ్వేముందు పక్కింటి గోడల ఫోటోలు తేదీతో తీయించి వాళ్లకీ ఒక కాపీ ఇవ్వండి.

పాతపెంకు
స్లాబు వరకు లేచి ఆగిపోయిన ఇళ్లు కూడా అమ్మకానికొస్తాయి. వాటి జోలికి నేనైతే పోను. కడ్డీలు, కవరు కప్పేశారు, వానాకాలాల పరీక్ష ఇంకా జరగలేదు. పాతదాని సాక్ష్యమూ లేదు, కొత్తదాని కాపలా అవకాశమూ లేదు.

తడిఇసుక
ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తా.

కొత్తచిగురు
స్థలం మట్టి పరీక్షకి అడుగుతున్నా, ఆ పాత ఇంటికి కూడా తనిఖీ పెట్టిస్తున్నా. ఏది ముందు చేయించాలి?

ప్లింత్_బీమ్
ఖర్చు తక్కువది ముందు. మొదటి రోజు మీరే వెళ్లి పగుళ్లు, చెమ్మ, మీటరు ముల్లు, ఛాంబర్లు చూసుకోండి. అది దాటితే ప్లాన్ కొలతలు, కాగితాలు. అదీ దాటితే ఎలక్ట్రీషియన్, ఆపైన ఇంజినీరు. ఫినాల్ఫ్తలీన్ పెచ్చు కొట్టడానికి అమ్మేవాడి ఒప్పుకోలు రాతలో తీసుకుని, బాత్‌రూమ్ అడుగు స్లాబు, బాల్కనీ అడుగు, వాన తగిలే ఒక కాలమ్, ఈ మూడు చోట్లా చూడమనండి. హాల్లో కొట్టి చూస్తే ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది.

నీటిమట్టం
బాత్‌రూమ్ నేల మీద, టెర్రస్ మీద 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద నుంచి చూడటం కూడా ఆ జాబితాలో కలపండి. టెర్రస్‌కి 48 గంటలైతే ఇంకా నయం. తూములు గుడ్డతో బిగించి, నీటి మట్టం గోడ మీద పెన్సిల్‌తో గీయండి.